తీసేసే ముందు ఒక్క ప్రశ్న

ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ గీత ఎర్రబడగానే చాలామంది చేసే పని ఒకటే. విండోస్ మీటతో కలిపి ఆర్ నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ అని కొట్టి, తెరుచుకున్న ఫోల్డర్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేస్తారు. అందులో తప్పేమీ లేదు, చాలాసార్లు లాభమే. చిక్కేమిటంటే ఆ ఊపు అక్కడితో ఆగదు. డౌన్‌లోడ్స్, పాత విండోస్ ఫోల్డర్, పేరు చూస్తే అర్థం కాని ప్రతి ఫైలూ అదే ఊపులో పోతాయి. పేరునో సైజునో బట్టి ఫైలు తీసేయడం సరైన పద్ధతి కాదని నా వాదన. దీన్ని కంప్యూటర్ తనంతట తానే మళ్లీ తయారు చేసుకోగలదా, లేక లోకంలో ఉన్న ఒక్కగానొక్క ప్రతి ఇదేనా అని ముందు అడగాలి. స్థలం ఖాళీ చేసే పనిలో లాభం వచ్చినా నష్టం వచ్చినా ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

తాత్కాలిక ఫైళ్లు ఎందుకు పుడతాయో తెలిస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు వేసుకునే సారువ లాంటివి అవి. పని జరుగుతున్నంతసేపూ అవసరం, పని ముగిశాక వేసినవాడే విప్పుకుని వెళ్లాలి. వర్డ్‌లో ఒక ఉత్తరం తెరిస్తే దాని పక్కనే అలలాంటి గీత, డాలర్ గుర్తులతో మొదలయ్యే పైకి కనిపించని చిన్న ఫైలు పుడుతుంది. ఆ ఉత్తరాన్ని ఎవరు తెరిచి ఉంచారో అది గుర్తుపెట్టుకుంటుంది, మూసేయగానే మాయమవుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలర్ తన మూటనంతా ముందు టెంప్‌లో విప్పుకుంటుంది. జిప్ ఫైలు లోపలి పత్రం మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్ దాని నకలు ఒకటి టెంప్‌లోకి తీసి, దాన్నే మనకు చూపిస్తుంది. పద్ధతిగా రాసిన ప్రోగ్రామ్ వెళ్లేముందు ఇవన్నీ శుభ్రం చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా ఆ ఆఖరి పని జరగదు. చాలా లినక్స్ వ్యవస్థల్లో కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా ఇలాంటి తాత్కాలిక ఫోల్డర్ ఖాళీ అవుతుంది. విండోస్‌లో మామూలుగా అలా జరగదు కాబట్టి నెలల తరబడి మిగిలిపోయినవి అక్కడే పేరుకుంటాయి.

ఆ ఫోల్డర్‌ను ఒకసారి నింపాదిగా చూడండి. టీఎంపీ అని ముగిసేవి, అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్న పేర్లు, ఏమీ లేని సున్నా కేబీ ఫైళ్లు కనిపిస్తాయి. అన్నీ ఎంచుకుని తీసేయబోతే కొన్నిటి దగ్గర ఈ ఫైలు వాడకంలో ఉందన్న హెచ్చరిక వస్తుంది. అక్కడ పట్టుబట్టకుండా స్కిప్ నొక్కడమే మంచిది, ఆ ఫైలుతో ఏదో ప్రోగ్రామ్‌కు ఇంకా పని ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రీస్టార్ట్ చేయమని అడుగుతున్న సమయంలో టెంప్ జోలికి అసలే పోకూడదు. మిగిలిన ఇన్‌స్టలేషన్‌కు కావలసినవి కొన్నిసార్లు అందులోనే ఉంటాయి. విండోస్ 98 నాటి నుంచి వస్తున్న డిస్క్ క్లీనప్ ఇందుకే టెంప్‌లో వారం లోపు తాకిన ఫైళ్లను వదిలేసి పాతవాటినే తీస్తుంది. మనం చేత్తో తీసేటప్పుడు ఆ జాగ్రత్త పాటించేవాళ్లు తక్కువ.

నా ప్రశ్నను ఇప్పుడు ఒక్కొక్క దానికీ పెట్టి చూద్దాం. బ్రౌజర్ కాష్‌లో ఉండేవి మనం చూసిన సైట్ల బొమ్మలు, స్క్రిప్టుల నకళ్లు. పోతే మళ్లీ నెట్ నుంచి వస్తాయి. కాకపోతే మొదటిసారి పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంది, డేటా కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చేవాళ్లు రోజూ కాష్ తుడిచేస్తే తమ డేటా తామే వృథా చేసుకున్నట్టు. ఫొటోల చిన్న బొమ్మలు నిలవ ఉండే థంబ్‌నెయిల్ కాష్ కూడా ఇలాంటిదే, విండోస్ మళ్లీ తయారు చేసుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ప్రీఫెచ్ ఫోల్డర్‌ను ఖాళీ చేయమని చెప్పే చిట్కా ఒకటి ఏళ్ల తరబడి తిరుగుతోంది. ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకున్న గుర్తులే అందులో ఉండేవి. తీసేస్తే కొన్నాళ్లు ఆలస్యం తప్ప దక్కేదేమీ లేదు, స్థలం కూడా పెద్దగా మిగలదు.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. అవుట్‌లుక్‌లో మెయిల్‌కు జత చేసి వచ్చిన ఎక్సెల్ షీట్‌ను నేరుగా తెరిచి, గంటసేపు అంకెలు నింపి, సేవ్ కొట్టి మూసేస్తారు. అది డాక్యుమెంట్స్‌లోకి వెళ్లిందనుకుంటారు. నిజానికి ఆ షీట్ ఎక్కడో లోపలి తాత్కాలిక ఫోల్డర్‌లో కూర్చుని ఉండొచ్చు. మెయిల్‌లో ఉన్నది పాత ప్రతి, గంట కష్టం ఉన్నది ఆ ఫోల్డర్‌లోని ప్రతిలోనే. దాన్ని కంప్యూటర్ మళ్లీ సృష్టించలేదు. విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ సంగతీ అంతే. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత వ్యవస్థ అందులో ఉంటుంది, 10 జీబీలు దాటడం మామూలే. అప్‌డేట్ నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి అదొక్కటే. 10 రోజుల తర్వాత విండోస్ తనే దాన్ని తీసేస్తుంది కాబట్టి తొందరపడడం అనవసరం. కానీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా విండోస్ మళ్లీ ఎక్కించిన సందర్భాల్లో మన పాత డాక్యుమెంట్లు, ఫొటోలు కూడా ఆ ఫోల్డర్‌లోనే, లోపలి యూజర్స్ కింద ఉంటాయి. రిపేర్ షాపు నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాక ముందు చేయవలసింది అందులోంచి మనవి బయటికి కాపీ చేసుకోవడం.

ఇంత జాగ్రత్త అతి అనిపిస్తే 2018లో జరిగింది చూడండి. ఆ ఏడాది అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిపేసింది. కొన్ని రోజులకే దాన్ని ఆపేసి, లోపం సరిదిద్ది నవంబరు 13న మళ్లీ విడుదల చేశారు. ఆ లోపం ఎక్కడ పుట్టిందో చూస్తే మన వాదనకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్నవాళ్ల దగ్గర ఖాళీ డూప్లికేట్ ఫోల్డర్లు మిగులుతున్నాయని, వాటిని శుభ్రం చేద్దామని రాసిన కోడే అది. పాత చోట ఉన్న ఫోల్డర్లు ఖాళీ అనుకుంది, వాటిలో కొందరి ఫైళ్లు ఇంకా ఉన్నాయి. బాధితుల సంఖ్య చాలా తక్కువేనని సంస్థ చెప్పింది, నిజమే కావచ్చు. అయినా సొంత వ్యవస్థను తయారు చేసినవాళ్లే ఇది అనవసరం అనుకుని పొరపడగలిగినప్పుడు, పేరు చూసి తీసేసే మనం ఇంకెంత ఆగి చూడాలి?

అందుకే కదా క్లీనర్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఒక్క క్లిక్‌తో పని అయిపోతుంది అంటారు. వాటిలో బాగా పేరున్న సీక్లీనర్ 2017లో పడిన దెబ్బ గుర్తుంచుకోదగ్గది. దాడి చేసినవాళ్లు దాని అధికారిక ప్రతిలోనే హానికర కోడ్ చొప్పించారు. ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా అదే ప్రతి డౌన్‌లోడ్ అయింది, సుమారు 22 లక్షల కంప్యూటర్లకు చేరింది. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు, నేను ఆ ఒక్క సంస్థను వేలెత్తి చూపడం లేదు. ఫైళ్లన్నిటి మీదా అధికారం అడిగే ప్రోగ్రామ్ ఇంకొకటి పెట్టుకోవడమంటే ప్రమాదానికి ఇంకో తలుపు తీయడమే. టెంప్ తుడవడానికి విండోస్‌లో ఉన్న పనిముట్లు చాలు. విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే క్లీనర్ల వాడకాన్నైతే మైక్రోసాఫ్ట్ అసలు సమర్థించదు.

ఇవన్నీ తీసేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందిగా అనేది ఇంకో మాట. సగం ఖాళీగా ఉన్న డ్రైవ్‌లో 2 జీబీ టెంప్ తీసేస్తే వేగంలో తేడా తెలియదు. డిస్క్ మీద ఊరికే పడి ఉన్న ఫైలు ప్రాసెసర్‌ను శ్రమ పెట్టదు. డ్రైవ్ దాదాపు నిండిపోతే మాత్రం సంగతి వేరు. ఎస్ఎస్‌డీకి లోపల డేటా సర్దుకోవడానికి ఖాళీ ఉండాలి, లేకపోతే రాయడం నెమ్మదిస్తుంది, అప్‌డేట్లు మధ్యలో ఆగిపోతాయి. కొత్త డిస్క్ కొంటే సరి అనేవాళ్లూ ఉన్నారు. 256 జీబీ అని అమ్మే డ్రైవ్ విండోస్ లెక్కలో 238 జీబీలే చూపిస్తుంది, చాలా పల్చటి ల్యాప్‌టాప్‌లలో దాన్ని మార్చడానికీ వీలుండదు. బయటి హార్డ్ డిస్క్ కొన్నా టెంప్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది. వీడియోలు, ఫోన్ బ్యాకప్‌లు బయటికి పంపితే దక్కే స్థలం టెంప్ తుడిస్తే దక్కేదానికంటే చాలాసార్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

నెట్ సెంటర్లలో మాత్రం మళ్లీ తెచ్చుకోగలమా అనే ఈ ప్రశ్న మనల్ని తీసేయమనే వైపు నడిపిస్తుంది. అక్కడ దించుకున్న ఈ-ఆధార్, హాల్ టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్స్‌లో అలాగే పడి ఉంటాయి. అవన్నీ మనం మళ్లీ తెచ్చుకోగలిగినవే, అక్కడ ఉంటే నష్టమే తప్ప లాభం లేదు. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి ఏర్పడేది. మనల్ని ఎరిగినవాళ్లకు అది తాళమే కాదు. ప్రింట్ తీసుకున్నాక ఫైలును షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా చూసి లేవండి.

ఇంట్లో మీ కంప్యూటర్‌కు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిచి తాత్కాలిక ఫైళ్ల జాబితా చూడండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టకండి. అక్కడే ఉండే స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసుకుంటే టెంప్ సంగతి అదే చూసుకుంటుంది. అందులో డౌన్‌లోడ్స్‌ను ఎన్ని రోజులకు తీసేయాలి అని అడిగే చోట నెవర్ అని ఉంచండి. మెయిల్‌లో వచ్చిన పత్రాన్ని దిద్దే ముందు డాక్యుమెంట్స్‌లో సేవ్ చేసుకోండి.