తొడుగులోని వైభవము

మన గృహములలో నొక వింత యాచారము ప్రబలినది. అప్పుచేసి కొన్న సోఫాకు దుకాణమువారు తొడిగిన ప్లాస్టికు తొడుగును ఏండ్లు గడచినను విప్పరు. రిమోటునకు సైతము సంచియే! వేసవిలో దానిపై గూర్చున్నవాని వీపు చెమటతో నంటుకొనును. వానకాలమున గాలి చొరక లోపలి చెమ్మకు బూజు పట్టును. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ పాలీవినైల్ క్లోరైడును మెత్తపరచు విధము కనుగొనెను. ఆ మెత్తదనము నిచ్చు ద్రవ్యము క్రమముగా వెలికి జారగా తొడుగు పెళుసుబారి పగులును. అంతట మరియొకటి కొందురు. దుమ్ము భయమే యైనచో వరంగల్లు జంపఖానా లేదా? 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన యా నూలు నేత ఉతికినకొలది మెత్తబడును, నేతగానికి కూడు పెట్టును. తొడుగు చిరుగునని పిల్లలను సోఫా నెక్కనీయరు. ఇంటి ముసలమ్మ దాని ప్రక్కనే నేలపై చాప పరచుకొని కూర్చుండును.