ఆ ఉత్తరం రాసిందెవరు?

రౌస్ హిల్‌లో తెలుగువాళ్లం నలుగురం కలిస్తే సినిమాలు, రాజకీయాలు అయ్యాక మాట ఒక్కోసారి పాత కేసుల మీదికి మళ్లుతుంది. 1996 డిసెంబరులో అమెరికాలోని బౌల్డర్‌లో ఆరేళ్ల జాన్‌బెనే రామ్సే హత్యకు గురైంది. పాపను వదలాలంటే 1,18,000 డాలర్లు ఇవ్వాలంటూ ఇంట్లో రెండున్నర పేజీల ఉత్తరం దొరికింది. శవమూ ఆ ఇంట్లోనే దొరికింది. చేతిరాత చూసి చాలామంది తల్లినే అనుమానించారు. ఆమె 2006లో కన్నుమూశారు. డీఎన్ఏ ఆధారంగా ప్రాసిక్యూటర్ ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పింది 2008లో. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు.

2012లో పెన్సిల్వేనియాలో మన తెలుగువారింట పసిపాప, నాయనమ్మ హత్యకు గురైనప్పుడు ఉత్తరంలోని ముద్దుపేర్లే పోలీసులను తెలిసినవాళ్ల వైపు నడిపించాయి. 2014లో దోషికి మరణశిక్ష పడింది. ఉత్తరం దారి చూపొచ్చు, నేరం తేల్చాల్సింది మాత్రం సాక్ష్యమే. అది లేకుండా ఓ తల్లిని హంతకురాలనే హక్కు మనకెక్కడిది?