అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో ఒక స్టేట్ మెషీన్

ఫర్నేస్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది విశాఖ స్టీల్ ప్లాంట్, లేకపోతే కెమిస్ట్రీ పుస్తకంలో బ్లాస్ట్ ఫర్నేస్ బొమ్మ. అమెరికాలో చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో మాత్రం అది ఇంట్లో సామాను. మన డాబా మీద నీళ్ల ట్యాంకు ఎంత మామూలో, అక్కడ బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ అంత మామూలు. చూడ్డానికి చిన్న బీరువాలా ఉండే రేకు పెట్టె. లోపల గ్యాస్ మండుతుంది, ఆ వేడిని గాలికి ఎక్కించి గొట్టాల్లోంచి గదులన్నిటికీ పంపిస్తుంది.

మా అక్కావాళ్లు మిషిగన్‌లో ఉంటారు. ఒకసారి బావ వీడియో కాల్‌లో ఆ పెట్టె తలుపు తీసి చూపించాడు, అప్పట్నుంచి నాకు దాని మీద మనసు పడింది. మన సీనియర్లు ఏటా ఎంఎస్‌కి వెళ్లి నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకి తీసుకుంటున్నారు. రేపు మనలోనూ కొందరు వెళ్తాం. అందుకే రాస్తున్నా.

స్టేట్ మెషీన్ గురించి చెప్పేటప్పుడు క్లాసులో ఎప్పుడూ ట్రాఫిక్ లైటు ఉదాహరణే. నన్నడిగితే ఫర్నేస్ చెప్పాలి. గోడ మీద థర్మోస్టాట్ "చలిగా ఉంది" అని 24 వోల్టుల సిగ్నల్ పంపుతుంది. వెంటనే మంట రాదు. ముందు ఒక చిన్న ఫ్యాను తిరిగి, పొగ బయటికి పోయే దారిలో గాలిని లాగుతుంది. ఆ లాగుడు నిజంగా ఉందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకోవాలి. అప్పుడు ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. అప్పుడు గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. కొన్ని సెకన్లలోపు మంట కనబడాలి, కనబడకపోతే వాల్వ్ మూసేస్తుంది. మంట ఖాయమయ్యాక, ఇంకాసేపటికి పెద్ద బ్లోయర్ తిరిగి వేడి గాలి పైకి వస్తుంది. అంటే ఏ అడుగుకీ రుజువు లేకుండా తర్వాతి అడుగు వెయ్యదు. ఎందుకంత అనుమానం అంటే, మంట లేకుండా గ్యాస్ వదిలితే పేలుతుంది, పొగ బయటికి పోకపోతే ఇంట్లో మనుషులు పోతారు.

ఇది అర్థమైతే శుభ్రం చెయ్యడం ఎందుకో కూడా అర్థమవుతుంది. మెరిసేలా తుడవడం కాదు, అది సరిగ్గా చూడగలగాలి, ఊపిరి పీల్చగలగాలి. అంతే.

ఊపిరి సంగతి ఫిల్టర్‌ది. గదుల్లోంచి తిరిగొచ్చే గాలి దీంట్లోంచే లోపలికి వెళ్తుంది. ఒక అంగుళం మందం ఉండే ఫిల్టర్‌ని మూడు నెలల్లోపు మార్చాలి. మనవాళ్ల ఇళ్లలో రోజూ పోపు, వేపుళ్లు ఉంటాయి కాబట్టి ఇంకా ముందే మార్చమంటాను. సైజు దాని అట్ట మీదే రాసుంటుంది. పక్కన బాణం గుర్తు కూడా ఉంటుంది, అది ఫర్నేస్ వైపు చూడాలి. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తక్కువ ఆడి, లోపల వేడి పేరుకుని, లిమిట్ స్విచ్ మంటని ఆపేస్తుంది. కాసేపటికి మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే వేడిని మార్చే లోహపు గొట్టాలు పగలొచ్చు. దాని గురించి కింద చెప్తా.

చూపు సంగతి ఫ్లేమ్ సెన్సర్‌ది. నాకు బాగా నచ్చింది ఇదే. అది కెమెరా కాదు, థర్మామీటర్ కూడా కాదు, మంటలోకి చాచిన సన్నటి లోహపు కడ్డీ. బోర్డు దానికి ఏసీ వోల్టేజీ ఇస్తుంది. మంటలో అయాన్లుంటాయి కాబట్టి మంట గుండా కరెంటు పారుతుంది. కడ్డీ సన్నం, బర్నర్ పెద్దది కావడంతో ఒక దిక్కున పారినంత బాగా రెండో దిక్కున పారదు, డయోడ్‌లాగా. అంటే ఏసీ ఇస్తే కొన్ని మైక్రో ఆంపియర్ల డీసీ వస్తుంది. ఆ డీసీ ఉంటేనే మంట ఉన్నట్టు. వైరు ఎక్కడైనా రేకుకి తగిలి షార్టయితే ఏసీయే వస్తుంది గానీ డీసీ రాదు, కాబట్టి బోర్డు మోసపోదు. ఈ ఐడియా వచ్చినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

కాలం గడిచేకొద్దీ ఆ కడ్డీకి కరెంటు పారనివ్వని పొర పడుతుంది. అప్పుడు మంట ఉన్నా బోర్డుకి కనబడదు. జనవరి చలిలో అక్కావాళ్లింట్లో జరిగింది అదే: భగ్గున వెలగడం, నాలుగు సెకన్లకి ఆరిపోవడం. కొన్నిసార్లు ప్రయత్నించి మానేసింది. బోర్డు మీద ఎర్ర ఎల్‌ఈడీ లెక్కగా మిణుకుమంటోంది. తలుపు లోపల అతికించిన పట్టికలో ఆ లెక్కకి అర్థం రాసుంది. ఎర్రర్ మెసేజ్ చదవకుండా రీస్టార్ట్ కొట్టే అలవాటు మనందరిదీ, ఇక్కడ మాత్రం చదవండి. "ఏరా, నువ్వు లెక్కపెట్టు" అని బావ ఫోన్ దానికేసి పెట్టాడు.

తర్వాత పని పది నిమిషాలే. పక్కనున్న కరెంటు స్విచ్ ఆపాడు. గ్యాస్ గొట్టం మీది పిడిని గొట్టానికి అడ్డంగా తిప్పాడు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఒక్క స్క్రూ విప్పి కడ్డీ బయటికి తీసి, సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి పెట్టేశాడు. గరుకు కాగితం వద్దు, గీతలు పడతాయి. పక్కనే ఉండే ఇగ్నైటర్‌ని అసలు ముట్టుకోకూడదు, అది గాజులాగా పెళుసు. కొద్దిరోజులకే మళ్లీ ఆగితే మాత్రం టెక్నీషియన్ని పిలవాల్సిందే. అద్దె ఇల్లయితే ఏది విప్పాలన్నా ముందు ఓనర్‌కి చెప్పాలి.

మీరు చెయ్యగలిగినవి ఇంకొన్ని. గోడలోంచి బయటికొచ్చే పైపుల మూతిని మంచు కప్పకుండా చూడటం, ఫర్నేస్ చుట్టూ సూట్‌కేసులు, అట్టపెట్టెలు పేర్చకపోవడం. తలుపు తీస్తే ఫర్నేస్ ఆగిపోయేలా ఒక స్విచ్ ఉంటుంది, దానికి టేపు అతికించి నడపడం లాంటి తెలివితేటలు వద్దే వద్దు. గ్యాస్, బర్నర్లు, లోపలి గొట్టాల పరీక్ష చలికాలం ముందు ఏడాదికోసారి తెలిసినవాళ్లు చెయ్యాలి.

ఆ గొట్టాల లోపల పొగ, బయట మనం పీల్చే గాలి. మధ్యలో పల్చటి లోహం. అది పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావొచ్చు. గ్యాస్‌కైతే కుళ్లిన గుడ్ల వాసన కలుపుతారు; ఆ వాసనొస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికెళ్లి ఫోన్ చెయ్యాలి. మోనాక్సైడ్‌కి వాసన, రంగు ఏవీ ఉండవు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత. జలుబు చేసిందనుకుని పడుకుంటారు. మన దగ్గర గాలాడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల ప్రాణాలు పోయేదీ దీంతోనే.

దీన్ని పసిగట్టేది అలారం ఒక్కటే. కానీ పోపు పెట్టగానే స్మోక్ అలారం కూస్తోందని మన కుర్రాళ్లు దాని బ్యాటరీ పీకేస్తారు. చాలా ఇళ్లలో పొగకీ, మోనాక్సైడ్‌కీ కలిపి ఒకటే అలారం ఉంటుంది. ఆవాల చిటపట కోసం బ్యాటరీ తీస్తే రెండూ పోయినట్టే. కిటికీ తెరవండి, చిమ్నీ ఫ్యాను వెయ్యండి, బ్యాటరీ మాత్రం ముట్టుకోకండి. కొత్త ఇంట్లో దిగిన రోజే దాని వెనక్కి తిప్పి తేదీ చూడండి. దానికీ ఎక్స్‌పైరీ ఉంటుంది, దాటిపోతే ఓనర్‌ని కొత్తది అడగండి.