వంకర రిమ్ములోనా, పుల్లల్లోనా?

పంక్చరు తర్వాత సైకిలును షాపు ముందుకు చేర్చే జబ్బు చక్రం బెండు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి కొండ కింది ఊళ్ళ నుంచి ఆత్మకూరు దాకా, దీనికి దారులు చాలానే ఉన్నాయి. గడ్డిమోపో బియ్యం బస్తాలో క్యారియర్ మీద కట్టుకుని కంకర దారిలో వస్తుంటే చక్రం గుంటలో దిగుతుంది, బండి పక్కకు ఒరుగుతుంది, గుండ్రంగా ఉండాల్సిన రిమ్ము అష్టవంకర్లు పోతుంది. ఇక చక్రం తిరగనే తిరగదు. చూసినవాళ్ళు “పాత ఇనుముకు వేసెయ్” అంటారు.

చాలాసార్లు అది తొందరపాటు మాట. చూడ్డానికి ఘోరంగా ఉన్న వంకర అరగంటలో పోవచ్చు, వేలెడంత కూడా లేని సొట్ట చక్రాన్ని పనికిరాకుండా చేయొచ్చు. తేల్చుకోవలసింది ఒకటే. వంకర పుల్లల బిగువులో ఉందా, రిమ్ము లోహంలోకే దిగిందా?

ఎద్దుల బండి చక్రంలో బరువంతా కింది వైపున్న కొయ్య ఆకుల మీద నిలబడుతుంది. అందుకే ఆకు అంత మందంగా ఉంటుంది. సైకిలు పుల్ల దాదాపు రెండు మిల్లీమీటర్ల ఉక్కు తీగ. దాని మీద బరువు నిలబెడితే వంగిపోతుంది, లాగితే మాత్రం వంద కిలోలు దాటినా ఓర్చుకుంటుంది. లాగుడు మీద ఆధారపడే చక్రం చేయవచ్చన్న ఆలోచన సైకిలు కంటే ముందే పుట్టింది. ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం కావాలని వెతుకుతూ ఇంగ్లండులో జార్జ్ కేలీ 1808లోనే దాన్ని రాసిపెట్టుకున్నాడు. 1869లో పారిస్‌లో యూజీన్ మెయెర్ తీగ పుల్లల సైకిలు చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ కలిసి ఏరియల్ అనే సైకిలు తెచ్చారు. పుల్లలు హబ్బు నుంచి సూటిగా బయటికి పోతే తొక్కుడు బలానికి హబ్బు మెలి తిరుగుతుంది. 1874లో స్టార్లీ పుల్లలను హబ్బు అంచును ఒరుసుకుంటూ ఏటవాలుగా పోయేలా, ఒకదాన్నొకటి దాటేలా అమర్చాడు. ఈనాటికీ మన సైకిలులో కనిపించేది ఆ అల్లికే.

మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్, 1951 నాటి అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో, అన్నీ ఈ చక్రాన్నే పల్లెలకు తెచ్చాయి. ఆ తరం పెద్ద సైకిళ్ళకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలు వేయడం ఇంగ్లీషువాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి. ఒక్కో పుల్లను 50 కిలోల బిగువుతో లాగారనుకుంటే, వెనక రిమ్మును 40 పుల్లలూ కలిసి హబ్బు వైపు 2 టన్నుల బలంతో లాగుతుంటాయి. బండి ఖాళీగా గోడకు ఆనుకుని ఉన్నా సరే, రిమ్ము ఆ నొక్కుడులోనే ఉంటుంది.

హబ్బు పై పుల్లలకు వేలాడుతోందని అనుకోవడం సహజం. కొలతలు చెప్పేది మరొకటి. పిప్పర్డ్ అనే ఇంజినీరు 1931లోనే తీగ పుల్లల చక్రాన్ని ప్రయోగాలతో, గణితంతో పరీక్షించాడు. 1981లో జోబ్స్ట్ బ్రాంట్ సైకిలు చక్రం మీద రాసిన పుస్తకంలో కంప్యూటరు లెక్కలతో దాన్ని అందరికీ అర్థమయ్యేలా చూపాడు. బరువు పడినప్పుడు నేలకు దగ్గరున్న కొద్ది పుల్లల బిగువు బాగా తగ్గుతుంది, మిగతా పుల్లల్లో మార్పు చాలా స్వల్పం. కష్టమంతా ఇక్కడే వస్తుంది. పుల్లలు ముందే వదులుగా ఉండి, పైన బస్తాల బరువు తోడైతే కింది పుల్లల బిగువు సున్నా అవుతుంది. అప్పుడు రిమ్మును అటూ ఇటూ పట్టి ఉంచే దిక్కు లేదు. ఆ క్షణంలో పక్క నుంచి తోపు తగిలితే చాలు, అప్పటిదాకా నొక్కుడులో ఉన్న రిమ్ము ఒక్కసారిగా మెలి తిరుగుతుంది. రెండు చోట్ల ఎత్తు, రెండు చోట్ల పల్లం.

అనుభవమున్న మేస్త్రీ అలాంటి చక్రాన్ని చూడగానే సుత్తి అందుకోడు. టైరు, ట్యూబు తీసి, పుల్లలను రిమ్ముకు బిగించే నిప్పిళ్ళన్నీ వదులు చేస్తాడు. లాగే బలం పోగానే రిమ్ము దాని ఇష్టానికి అది వస్తుంది. ఉక్కుకు సాగే హద్దు ఒకటుంది. ఆ హద్దు లోపల వంగినది వదిలితే వెనక్కి వస్తుంది, దాటినది రాదు. వదులు చేసిన రిమ్మును చదునైన బండ మీద పరిస్తే చుట్టూ ఆనిందా, చక్రం బతికినట్టే. కొంచెం మొండికేస్తే ఎత్తుగా ఉన్న రెండు చోట్లా బరువు వేసి నొక్కుతారు, ఒక్కోసారి టక్కుమని సరిపోతుంది. ఎంత నొక్కినా ఒకే చోట మడత మిగిలిందంటే అక్కడ లోహం సాగిపోయింది. ఆ మడతను పుల్లల బిగువుతో లాగి దాచడం కుదురుతుంది, కానీ అక్కడి పుల్లలు అతిగా బిగిసి, పక్కవి వదులై, కొన్నాళ్ళకు హబ్బు దగ్గరి వంపులో పుల్లలు తెగడం మొదలవుతుంది. పుల్లలను వేలితో మీటి చూస్తే ఇది చెవికే తెలుస్తుంది. ఒకే వైపు పుల్లలు దాదాపు ఒకే స్వరం పలకాలి.

ఆ తర్వాతి పని ఓపికది. సైకిలును సీటు మీద బోర్లించి, ఫోర్కు దగ్గర సుద్దముక్క ఆనించి చక్రం తిప్పితే బయటికి పొడుచుకొచ్చిన చోట గీత పడుతుంది. రిమ్ము కుడికి పోయిన చోట ఎడమ పుల్లలు బిగించాలి, కుడివి వదలాలి. మామూలు పుల్ల మరలో ఒక్క చుట్టుకు కదలిక అర మిల్లీమీటరు కూడా ఉండదు, అందుకే పావు చుట్టు, అర చుట్టు లెక్కన నడుస్తుంది ఈ పని. ఉదయగిరి కొయ్య గరిటెల పనితనానికి భౌగోళిక గుర్తింపు దక్కింది, దక్కాల్సిందే. బెండు తీసే చేతిలోనూ అంతటి నైపుణ్యమే ఉంది. దానికి మాత్రం పేరు రాలేదు.

ఎంత తిన్నగా రావాలన్నది బ్రేకును బట్టి ఉంటుంది. పాత పెద్ద సైకిలు కడ్డీ బ్రేకు రిమ్ము లోపలి ముఖాన్ని టైరు వైపుకు నొక్కుతుంది. కాబట్టి పక్కలకు కాస్త ఊగినా నడుస్తుంది, పైకీ కిందికీ ఎగిరితే మాత్రం బ్రేకు తట్టుకుంటూ పట్టుకుంటుంది. రెండు పక్కలా రబ్బరు కట్టలు పట్టే బ్రేకైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల ఊపే రబ్బరుకు రాసుకుంటుంది. అల్యూమినియం రిమ్ముతో ఇంకా జాగ్రత్త కావాలి. ఉక్కు ఒకటి రెండు దెబ్బలకు లొంగినట్టు అది లొంగదు, సరిచేయబోతే చీలిపోవచ్చు.

అతుకు దగ్గర పగులు, నిప్పిల్ రంధ్రం చుట్టూ చీలిక, లోపలి నుంచి తినేసిన తుప్పు, వీటిలో ఏది కనిపించినా రిమ్మును వదిలేయాలి. గోళీలు బాగుంటే మాత్రం హబ్బును పారేయక్కర్లేదు. అదే కొలత కొత్త రిమ్మును పాతదాని పక్కన ఆనించి పెట్టి, పుల్లలను ఒక్కొక్కటిగా పాత రంధ్రం నుంచి కొత్త రంధ్రంలోకి మారుస్తూ పోవచ్చు. అల్లిక చెదరదు. వంగిన పుల్లలూ, మర అరిగినవీ పక్కన పడేసి, వాటి చోట అదే పొడవువి కొత్తవి వేస్తారు.