ఇంటిలోని రైలుమార్గము

అమెరికాలోని మాంటెరే పట్టణమున జాన్ ఆలెన్ అను ఛాయాచిత్రకారుడు తన యింటిలో ఒక రైలుమార్గమును నిర్మించెను. అందలి బండ్లు నిజమైన బండ్ల పొడవులో 87వ వంతు. పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లు. బొమ్మ యని నవ్వరాదు. ప్రకృతి నియమములు దానికిని తప్పవు. మలుపు మరీ వంకరయైనచో పొడవైన పెట్టెలు పట్టాలు తప్పును. ఎత్తు త్వరగా పెరిగినచో ఇంజను బండిని లాగజాలదు. విశాలమైన మలుపునకు విశాలమైన చోటు కావలెను.

మొదటి మార్గము ఒక బల్లంత మాత్రమే. ఆలెన్ దానిని పెంచెను. పిమ్మట క్రొత్త యింటికి మారి, నేలమాళిగలో మూడవమారు నిర్మించెను. నేలనుండి కప్పువరకు కొండలు లేచెను. అద్దములను నేర్పుతో నిలిపి చిన్న దృశ్యములను పెద్దవిగా చూపెను. అయినను మొదటి బల్లను పారవేయక, క్రొత్త మార్గములో ఇమిడ్చెను.

1973 జనవరిలో ఆలెన్ మరణించెను. సుమారు పది దినములకే అగ్నిప్రమాదమున ఆ మార్గము చాలవరకు కాలిపోయెను. అతడు తీసిన ఛాయాచిత్రములలో అది నేటికిని కనబడుచున్నది.