బర్కుషైరు జిల్లా వ్యవసాయ ప్రదర్శనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాసాచుసెట్సు రాష్ట్రపు పడమటి కొసను బర్కుషైరు అను కొండసీమ జిల్లా యొకటి కలదు. మిషనుల చరిత్ర చదివినవారు దాని నెఱుగుదురు. 1806వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆ జిల్లాయందలి విలియమ్సుటౌనులో కళాశాల విద్యార్థు లయిదుగురు పొలమున ప్రార్థనకు కూడియుండగా గాలివాన వచ్చెను. వారొక గడ్డివామి చాటున తల దాచుకొని, ఆసియా ఖండమునకు సువార్త పంపవలయునని అచ్చటనే నిశ్చయించుకొనిరి. ఆ తలంపు పెరిగి 1810లో అమెరికను విదేశ మిషను బోర్డుగా రూపొందెను. ఆ బోర్డు 1812లో పంపిన జడ్సనుగారు త్రోవలో బాప్తిస్టు మతమును స్వీకరించుటచే, 1814లో అమెరికా బాప్తిస్టులు తామును ఒక మిషనరీ సమాజమును స్థాపించుకొనిరి. ఆ సమాజము పంపిన సామ్యూల్ డేగారు 1836లో తెలుగుదేశమున కాలు మోపిరి. మనకును ఆ గడ్డివామికిని గల సంబంధ మిట్టిది.

గడ్డివామి ప్రార్థన జరిగిన మరుసటి యేడే, ఆ జిల్లాలోనే, మఱియొక చిన్న కార్యము జరిగెను. అది రెండు గొఱ్ఱెలకు సంబంధించినది. నేడు అమెరికాలో జిల్లా జిల్లాకును ఏటేట జరుగుచున్న వ్యవసాయ ప్రదర్శనములకు అది మొలక వంటిది. ఆ చరిత్రను మన విద్యార్థులును వారి తలిదండ్రులును తెలిసికొనదగియున్నది. ఏలయన, ఒక మంచి విషయము కొందఱు చదువుకొన్నవారికి తెలిసియున్నంత మాత్రమున అది కష్టించువాని పొలమునకు చేరదు. చేర్చుటకు ఉపాయ మొకటి కావలెను. ఆ యుపాయ మెట్లు దొరికెనో ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఆనాటి అమెరికాలో వ్యవసాయాభివృద్ధికై సంఘములు లేకపోలేదు. ఫిలడెల్ఫియా నగరమున 1785లోను, మాసాచుసెట్సు రాష్ట్రమున 1792లోను అట్టి సంఘములు వెలసినవి. వానియందు న్యాయాధిపతులు, వర్తకులు, వైద్యులు, పాదరీలు మొదలగు పెద్దలు సభ్యులు. వారు ఇంగ్లండునుండి వచ్చిన గ్రంథములను చదివి, ఎరువులను గూర్చియు పంటల మార్పిడిని గూర్చియు వ్యాసములు వ్రాసి అచ్చొత్తించిరి. కాని నాగలి పట్టిన రైతునకు ఆ వ్యాసములు అందలేదు. అందినను అతడు వానిని "పుస్తకపు సేద్య" మని పరిహసించెను. తాత దున్నినట్లు తండ్రి, తండ్రి దున్నినట్లు కొడుకు దున్నుచుండిరి. రాళ్ల నేల నానాటికి సారము తగ్గుచుండెను. గొఱ్ఱెల ఉన్ని ముతక. తప్పు రైతుది మాత్రమే కాదు. ఒక్క యేటి పంట పోయిన యెడల పెద్దమనుష్యునికి ఖర్చు వ్రాతలో నొక పంక్తి పెరుగును. రైతునకో పిల్లల కూడు పోవును. కన్నులార చూడనిదే అతడెట్లు నమ్మును?

ఈ చిక్కును విడదీసినవాడు ఎల్కానా వాట్సను. సమూయేలు ప్రవక్త తండ్రి పేరే ఈయన పేరు. ఈయన 1758లో మాసాచుసెట్సునందలి ప్లిమతులో జన్మించి, చిన్ననాడు ఒక వర్తకుని యొద్ద పని నేర్చి, 1779లో స్వాతంత్ర్య యుద్ధము జరుగుచుండగా ఫ్రాన్సు దేశమునందున్న బెంజమిను ఫ్రాంక్లినుగారికి రాజకార్య పత్రములు కొనిపోయెను. అచ్చట కొన్నియేండ్లు వర్తకము చేసి, పిమ్మట స్వదేశమునకు వచ్చి, న్యూయార్కు రాష్ట్రమున ఆల్బనీ నగరమునందుండి కాలువల నిర్మాణమునకు పాటుపడెను. 1807లో, తన 49వ యేట, పట్టణ వ్యవహారములు చాలించి బర్కుషైరు జిల్లాలోని పిట్సుఫీల్డులో పొలము కొని సేద్యమునకు దిగెను. అది అప్పటికి మూడువేల జనమైనను లేని యూరు.

ఆ యేడే ఆయన మెరీనో జాతి గొఱ్ఱెల జంట నొకదానిని తెప్పించెను. మెరీనో స్పెయిను దేశపు జాతి. దాని ఉన్ని మిక్కిలి సన్ననిది, మెత్తనిది. స్పెయిను ప్రభువులు చిరకాలము ఆ గొఱ్ఱెలను దేశము దాటనీయక కాపాడుకొనిరి. పిట్సుఫీల్డు నడిబొడ్డున, చర్చి కట్టునపుడు గొడ్డలి పాలు గాకుండ మిగిలిన పెద్ద ఎల్ము చెట్టొకటి యుండెను. వాట్సను ఆ చెట్టునీడను తన గొఱ్ఱెలను నిలిపి, వచ్చి చూడుడని ఊరివారికి తెలియజేసెను. రైతులు వచ్చిరి, స్త్రీలు కూడ వచ్చిరి. ఉన్నిని వేళ్లతో విడదీసి చూచిరి, ధర యడిగిరి, తమ గొఱ్ఱెలతో పోల్చుకొనిరి. అప్పుడు వాట్సనునకు తోచిన దిది: రెండు గొఱ్ఱెలే ఇందఱిని రప్పింపగలిగినచో, జిల్లాలోని మేలైన పశువు లన్నియు ఒక్కచోట చేరిన యెడల ఎంత మేలు కలుగును! ఆ ఎల్ము చెట్టు 1864వ సంవత్సరము వఱకు నిలిచియుండెను.

మూడేండ్లు గడచెను. 1810వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీని 26గురు చేవ్రాళ్లు చేసి, అక్టోబరు 1వ తేదీని పిట్సుఫీల్డులో పశుప్రదర్శనము జరుగునని ప్రకటించిరి. అది నెఱవేరెను. మరుసటి యేడు రాష్ట్ర శాసనసభవారు బర్కుషైరు వ్యవసాయ సంఘమునకు అధికార పత్ర మొసగిరి. వాట్సను దాని ప్రథమాధ్యక్షుడు. ఇదే అమెరికాలో మొట్టమొదటి ప్రదర్శన మనరాదు. వాషింగ్టను నగరమునకు సమీపమున కస్టిసు అను ధనికుడు 1805 మొదలు గొఱ్ఱెల ఉత్సవములు జరిపించుచుండెను. జార్జిటౌనులో 1810 మే నెలలోనే ఒక ప్రదర్శనము జరిగెను. కాని అవి పెద్దలు పెద్దలకై జరుపుకొనినవి. బర్కుషైరులో ఒక జిల్లా రైతులు తమ ప్రదర్శనమును తామే నడుపుకొనిరి. భేద మచ్చటనే యున్నది.

1811 సెప్టెంబరులో జరిగిన ఉత్సవము చూడదగినదై యుండెను. అనేకములైన యెడ్లను గొలుసులతో ఒక్క వరుసగా కూర్చి, వానిచే ఒకే నాగలిని లాగించిరి. ఆ నాగలి మేడిని జిల్లాలో మిక్కిలి వయోవృద్ధుని చేత పట్టించిరి. ఆ వెనుక ఎడ్లు లాగు పెద్ద బండి. దానిమీద మగ్గమును, అనేకములైన కదుళ్లు గల వడుకు యంత్రమును ఆడుచుండెను. పనివారు వీథిలో సాగుచునే నూలు వడకి బట్ట నేయుచుండిరి. సంఘ సభ్యులు తమ టోపీలకు గోధుమ వెన్నులు గ్రుచ్చుకొని నడచిరి. ఊరేగింపు దేవాలయమునకు చేరి, అచ్చట ప్రార్థనయు ఉపన్యాసమును జరిగిన పిమ్మట బహుమానములు పంచబడెను. ఏటేట భుజము కాయగాచునట్లు దున్నిన ముదుసలికి ఆనాడు జిల్లా యంతయు తలవంచినది. సేద్యము హీనవృత్తి కాదని వేయి వ్యాసములు చెప్పలేని మాటను ఆ యొక్క నాగలి చెప్పెను.

స్త్రీల సంగతి వేఱుగ చెప్పవలెను. ఆనాటి యిండ్లలో ఉన్ని వడకుట, నేయుట, అల్లుట స్త్రీల పని. కుటుంబపు బట్టలన్నియు వారి చేతులమీదుగా రావలసినవే. 1813వ సంవత్సరపు శీతకాలమున సంఘమువారు ఇంటినేత బట్టలకు వెండి పాత్రలు బహుమానములుగా నిర్ణయించి ప్రదర్శన మేర్పఱచిరి. బట్టలు వచ్చెను, స్త్రీలు మాత్రము రాలేదు. నలుగురి యెదుట మొదట అడుగు పెట్టుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. అప్పుడు వాట్సను తన భార్యను పిలిపించి మందిరమున కూర్చుండబెట్టి, ఆమె వారికొఱకు కనిపెట్టుకొని యున్నదని ఊరిలోని గృహిణులకు కబురు పంపెను. కొంతసేపటికి ఒకరి వెంట నొకరు వచ్చి మందిరము నిండిరి. తమ చేతిపనికి తమ పేరు పదుగురిలో చదువబడుట ఆ స్త్రీలలో ననేకులకు అదియే మొదటి పర్యాయమై యుండవచ్చును.

క్రమక్రమముగా ప్రదర్శనపు పద్ధతులు స్థిరపడినవి. పరీక్షక సంఘమొకటి పంటకాలమున పొలము పొలమునకు పోయి, నిలిచియున్న పైరును చూచి తీర్పు చెప్పుచుండెను. తరువాత దున్నుడు పందెములును చేరినవి. ఇటువంటి ప్రదర్శనములు వ్యాపించిన పిమ్మట పలుచోట్ల మఱియొక నియమము పుట్టెను: పంటకు బహుమానము కోరువాడు ఏ నేలలో, ఎంత యెరువు వేసి, ఎన్ని చాళ్లు దున్ని, ఎట్లు పండించెనో వ్రాసి యీయవలెను. ఈ నియమము మిక్కిలి విలువైనది. మన సంతలలో అమ్మువాడు గొడ్డు లోపమును దాచును, కొనువాడు దాని గుణమును దాచును. ప్రదర్శనములో గెలిచినవాడు తన మర్మమును ఇరుగుపొరుగులకు తానే విప్పి చెప్పవలెను. సంతకును ప్రదర్శనమునకును ఇదియే తారతమ్యము.

అయితే దెబ్బ తగులకపోలేదు. 1807 మొదలు ఇంగ్లండుతో వర్తకము చెడి, 1812లో యుద్ధము రాగా, ఇంగ్లీషు ఉన్నిబట్టలు దిగుమతి కాక అమెరికాలో ఉన్ని ధర మిన్నంటెను. నెపోలియను సేనలచే స్పెయినులోని మందలు చెదరిపోగా మెరీనోలు వేలకొలదిగా అమెరికాకు చేరినవి. అయినను ఒక్కొక్క పొట్టేలు వేయి డాలర్లకు మించి అమ్ముడుపోయిన కాలమొకటి వచ్చెను. అప్పు చేసి కొన్నవారును కలరు. 1815లో సంధి యయ్యెను. ఇంగ్లండు బట్టలు రేవులలో కుప్పలు పడెను. ధర కూలి, ఒక్కొక్క డాలరునకు మెరీనోలు అమ్ముడుపోయెనని ఆనాటివారు వ్రాసియున్నారు. ప్రదర్శనము ఆ గొఱ్ఱెతోనే పుట్టినది గనుక దానితోనే చచ్చునని తలంచినవా రుండవచ్చును. కాని అది చావలేదు. గొఱ్ఱె ధర పోయినను, పోల్చి చూచి మేలైనదానిని ఏరుకొను అలవాటు రైతులకు మిగిలెను. అసలైన లాభ మదియే.

1816లో వాట్సను ఆల్బనీ నగరమునకు మరలిపోయి, న్యూయార్కు రాష్ట్రములోను ఇట్టి సంఘములకై పాటుపడెను. 1819లో ఆ రాష్ట్ర శాసనసభవారు జిల్లా సంఘములకు ఏటికి 10,000 డాలర్ల చొప్పున సహాయము మంజూరు చేసిరి. సంఘములు వర్షాకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. కాని సర్కారు సొమ్ము ఆగిపోగానే వానిలో పెక్కులు మాసిపోయినవి. బహుమానపు సొమ్మును చూచి చేరినవారు సొమ్ముతోనే వెడలిపోయిరి. 1840 ప్రాంతమున మరల చిగిరించి, 1841లో న్యూయార్కు రాష్ట్రపు మొదటి ప్రదర్శనము సిరక్యూసు నగరమున జరిగెను. 1858 నాటికి ఆ దేశమున వ్యవసాయ సంఘములు 900కు మించియుండెను. రెండవ చిగురు నిలుచుటకు కారణమేమనగా, జిల్లా జిల్లాకు రైతులు తమ చందాలతోను తమ శ్రమతోను దానిని పోషించుకొనుటయే.

వాట్సను 1842లో, తన 84వ యేట, కాలధర్మము నొందెను. ఫ్రాన్సు ప్రయాణము, కాలువలు మొదలగు కార్యములు ఆయన చేసినవి అనేకము. ఆయన సమాధి ఫలకముమీద మాత్రము బర్కుషైరు వ్యవసాయ సంఘమును స్థాపించినవాడనియే చెక్కియున్నది.

విద్యార్థులారా, మీలో పెక్కురు సేద్యగాండ్ర బిడ్డలు. ఇక్కడ మీరు నేర్చు ప్రకృతి శాస్త్రము మీ నోటుపుస్తకములో మాత్రమే నిలిచినచో, అది ఆ పూర్వపు పెద్దమనుష్యుల వ్యాసములవలె అటకెక్కును. మీ తండ్రితో వాదించి గెలువనక్కఱలేదు. పెరటిలో ఒక మడి చాలును. మంచి విత్తనమును ఏరి నాటి, ప్రక్క మడిలో పాత విత్తనము నాటి, రెండును పండిన నాడు ఆయనను పిలిచి చూపుడు. తీర్పు ఆయననే చెప్పనిండు. తలిదండ్రులారా, మీ బిడ్డ అట్లు పిలిచిన నాడు పని యున్నదని తప్పించుకొనక, ఒక్క గడియ వచ్చి చూడుడు. ఎల్ము చెట్టు క్రింద రెండు గొఱ్ఱెలను చూచుటకు వచ్చిన ఆ రైతులు రాకపోయినచో, ఈ చరిత్రయే లేకపోవును.