ఊరికే వచ్చే ఇల్లు ఎవరి పేర ఉంది?

కెనడాలో మూలవాసులకు ప్రభుత్వం ఇళ్ళు ఊరికే కట్టిస్తుందన్న మాట అక్కడ స్థిరపడిన మనవాళ్ళ దాకా చేరింది. దీన్ని ఇక ఉపేక్షించకూడదు, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది పిల్లలున్న మూలవాసి తల్లి. సొంత ఇల్లు ఆమెకు హోదా కాదు, పిల్లలు తన దగ్గరే ఉండటానికి ఆధారం. 2021 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళలోపు పిల్లల్లో మూలవాసులు 7.7 శాతమే. ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళలో మాత్రం 53.8 శాతం. నిర్లక్ష్యం పేరిట పిల్లల్ని తీసుకెళ్ళిన కేసుల్లో చాలావాటి వెనుక ఉన్నది పేదరికం, ఇరుకు ఇల్లు. కేవలం పేదరికం వల్లనో, సరైన ఇల్లు లేకపోవడం వల్లనో బిడ్డను తల్లినుంచి వేరు చేయరాదని 2020 జనవరి నుంచి అమలైన చట్టంలో రాసుకోవాల్సి వచ్చింది. ఇళ్ళు నిజంగా ఊరికే వస్తుంటే ఆ వాక్యం దేనికి?

సొంతంగా కట్టుకుందామన్నా, మూలవాసులకు కేటాయించిన రిజర్వు భూమి కాగితం మీద రాజ్యానిది. ఇండియన్ యాక్ట్ 89వ సెక్షన్ ప్రకారం అక్కడి మూలవాసుల ఆస్తిని బయటివాళ్ళు తాకట్టు పట్టుకోలేరు, జప్తు చేయలేరు. అందుకే బ్యాంకులు మంత్రిత్వశాఖ పూచీకత్తు లేనిదే సాధారణంగా అప్పివ్వవు. మరి భూమిని అమ్ముకోనిస్తే పోలేదా అంటారు కొందరు. అమెరికా 1887లో డాస్ చట్టంతో అక్కడి మూలవాసుల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి చూసింది. 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయాయి. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళకు పోకుండా 1/70 చట్టం ఎందుకు వచ్చిందో తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. కావలసింది భూమి చేజారకుండా అప్పు పుట్టే మార్గం.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. కొన్ని రిజర్వుల్లో బ్యాండ్ (అక్కడి మూలవాసుల సమూహం) కౌన్సిల్ ఇళ్ళకు అద్దె నామమాత్రమే. కానీ ఆ ఇల్లు బ్యాండ్‌ది, ఆ తల్లిది కాదు. పిల్లలకు రాసివ్వలేదు. పైగా ఎలాంటి ఇళ్ళు? అవే 2021 లెక్కల్లో దేశం మొత్తం మీద మూలవాసుల్లో 16.4 శాతం మంది పెద్ద మరమ్మతులు కావలసిన ఇళ్ళలో ఉంటే, మిగతావారిలో అది 5.7 శాతం. ఆడవాళ్ళకైతే చట్టమే అడ్డుపడింది. చట్టం గుర్తించిన మూలవాసి హోదా (స్టేటస్) లేనివాణ్ణి పెళ్ళాడిన స్త్రీకి 1985 దాకా తన హోదా, దాంతోపాటు రిజర్వులో ఉండే హక్కు పోయేవి. ఆస్తి పంపకంలో ప్రావిన్సుల చట్టాలు రిజర్వు భూమికి వర్తించవని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో కాపురం చెడితే, భర్త పేర ఉన్న ఇంటిమీద భార్యకు చెప్పుకోదగ్గ రక్షణ లేకపోయింది. ఆ లోటు పూడ్చే కేంద్ర చట్టం 2013లో గాని రాలేదు.

మూలవాసులు పన్నులే కట్టరన్న మరో మాటా తప్పే. మినహాయింపు హోదా ఉన్నవారికి, అదీ ప్రధానంగా రిజర్వులో వచ్చే ఆదాయానికే. అందరూ రిజర్వుల్లోనే ఉంటారన్నదీ తప్పే, ఎక్కువమంది బయటే ఉన్నారు.

అలా బయటికి వచ్చిన తల్లి అద్దె ఇల్లు వెతుక్కుంటూ తలుపు తట్టేది మనవాళ్ళ ఇల్లే కావచ్చు. సర్కారు ఇల్లు ఉండగా ఇక్కడికెందుకు వచ్చావని అడగకండి. ఆమె ఆదాయం, పాత అద్దె రసీదులు చూడండి, అందరికీ పెట్టే షరతులే పెట్టండి. మూలవాసి అన్న కారణంతో ఇల్లివ్వకపోవడం అక్కడి మానవ హక్కుల చట్టాలకు విరుద్ధం.